సనోబర్ అడుగులు

నేలకొండపల్లి

బేటీ సనోబర్‌కు అమ్మీ దువా.

ఇక్కడ అందరం బాగున్నాం, నా గుండె తప్ప. మీ హాస్టల్లో ఫోన్లు ఉండవు కాబట్టి రాస్తున్నాను. తొమ్మిదో తరగతికే పిల్లలు కూర్చుని కూర్చుని మొద్దుబారుతున్నారని స్కూలువాళ్లు చేతులకు వాచీలు కట్టి, ఎవరెన్ని అడుగులు వేశారో ఇళ్లకు పంపుతున్నారు కదా. పోయిన వారం నీవి రోజుకు ఏడు వందలు. ఈ వారం ఇరవై మూడు వేలు! అంటే పదహారు కిలోమీటర్లట. షుగర్ వచ్చాక డాక్టర్ నడవమంటే అలాంటి వాచీయే కట్టుకున్న మీ అబ్బా కూడా పన్నెండు వేలు దాటడు. నువ్వు ఎక్కడికి పోతున్నావు? నాకు భయంగా ఉంది.

ఇట్లు,
ఆతియా బేగం

తా.క. ఇంకాస్త నడిస్తే మన ఇంటికే వచ్చేదానివి. వచ్చి తలుపు కొట్టకుండా పోయావా?

ఖమ్మం

అమ్మీకి సలాం.

భయపడకు. ఆరు వేలు దాటనివాళ్ల పేర్లు ప్రార్థనలో అందరి ముందూ చదువుతున్నారు. అందుకే గ్రౌండ్‌లో తిరుగుతున్నాను.

నీ సనోబర్

తా.క. పొద్దున ఐదింటికి కూర్చుంటే రాత్రి పదింటికి లేస్తాం. పీటీ పీరియడ్ కూడా లెక్కల సారే తీసుకుంటారు.

నేలకొండపల్లి

సనోబర్,

దువా తర్వాత. ఐదు నుంచి పది దాకా కూర్చునేదానివి పదహారు కిలోమీటర్లు ఏ వేళ నడిచావు? అది పోనీ. ఆదివారం ముప్పై ఎనిమిది వేలు! వాచీ ఎక్కడుందో చూపే పటం ఫోన్‌లో తెరిస్తే, తెల్లవారకముందే నీ పేరున్న చుక్క భద్రాచలం దారిలో అడవి మధ్య ఉంది. అక్కడ ఎలుగుబంట్లు తిరుగుతాయి. నా భయం ఎలుగుబంటి గురించి కాదు. వాడెవడు? వార్డెన్‌ను అడిగితే ఊరంతా తెలుస్తుందని నోరు రాలేదు. మీ అబ్బా కుట్టుమిషన్ మీద తల పెట్టుకుని, "చదువూ గిదువూ వద్దు, పిల్లను జల్దీ తీసుకొద్దాం" అన్నాడు. శుక్రవారం వస్తున్నాం. పెట్టె సర్దుకో.

అమ్మీ

తా.క. అంత దూరం నడిపించాడంటే, వాడి దగ్గర ఆటో కిరాయి కూడా లేదా?

ఖమ్మం

అమ్మీకి వెయ్యి సలాములు.

వాడెవడూ లేడు, చిన్నక్క ఉంది. మా హాస్టల్ ఊడ్చే అక్క. లేచి నిలబడితేనే నాకు కాళ్లు తిమ్మిరెక్కుతాయి, ఆరు వేలు ఎక్కడి నుంచి తేవాలి? వాచీ ఆమె చేతికి కట్టాను. "కట్టు బిడ్డా, నేను ఎట్లన్న తిరుగుడే గద" అంది. శనివారం రాత్రి తన ఊరెళ్లి, విప్పడం మరిచిపోయి ఆదివారం అడవిలో ఇప్పపూలు ఏరింది. నేను రోజంతా పుస్తకం ముందే ఉన్నాను. నన్ను చదువు మాన్పించకండి. మీ కాళ్లు పట్టుకుంటాను.

నీ సనోబర్

తా.క. అందరికంటే ఎక్కువ నడిచినందుకు నాకే మొదటి బహుమతి అని చెప్పారు. జిల్లా పరుగు పందానికి పేరు కూడా రాశారు. నాకు మెట్లెక్కితేనే ఆయాసం!

నేలకొండపల్లి

బేటీకి దువా.

నీ ఉత్తరం మీ అబ్బా పైకి చదివాడు. చిన్నక్క దగ్గరికి వచ్చేసరికి ఉత్తరం మడిచేశాడు. "ఏమైందండీ?" అంటే నేల చూపులు చూశాడు. నేనూ అటే చూశాను. ఆయన వాచీ కుట్టుమిషన్ పెడల్‌కు కట్టి ఉంది! రోజూ పన్నెండు వేల అడుగులూ జాకెట్లే నడిచాయి. షుగర్ ఎందుకు దిగడం లేదో ఇప్పుడు తెలిసింది. ఎలుగుబంటికి కూడా నేను ఇంత భయపడలేదు.

చదువు మాన్పించం. శుక్రవారం మాత్రం వస్తాం. నిజం ప్రిన్సిపాల్‌కు నీ నోటితోనే చెప్పి, ఆ బహుమతి చిన్నక్కకు ఇప్పించాలి. ఆ తర్వాత తండ్రీ కూతుళ్లు గ్రౌండ్ చుట్టూ తిరగాలి, వెనక నేనుంటాను.

ఇట్లు,
ఆతియా బేగం

తా.క. పెడల్‌కున్న వాచీ విప్పి నా చేతికి కట్టుకున్నాను. నిన్న గడప దాటలేదు. పద్నాలుగు వేలు చూపించింది. చిన్నక్కను ఒకసారి చూడాలని ఉంది.