తిరిగొచ్చే డీజిల్

ఆదివారం, ఆగస్టు 2006

ఇవాళ చేపల పులుసు కూడా సయించలేదు. నామీద నాకే అసహ్యంగా ఉంది.

నెట్ సెంటర్‌లో అంతరిక్ష యుద్ధాల ఆట కొత్తవాళ్లకు నేర్పేది నేనే. యారాడలో బోటు మీద చేపల వేటకెళ్లే గురయ్యకి మాత్రం ఇవాళ మాతో రోజూ ఆడే రమేష్ పాఠం చెప్పాడు. "ఓడలన్నీ దూరం గ్రహానికి పంపీ బావ. తిరిగి రాడానికి ఇంధనం అక్కర్లేదు" అన్నాడు. అది పచ్చి అబద్ధం. పక్క కుర్చీలోనే ఉన్నాను, తమాషా చూద్దామని నోరు మూసుకున్నాను. ఓడలు అక్కడే చిక్కుకుపోయాయి. కాపలా లేని గురయ్య గ్రహాన్ని రమేష్ పది నిమిషాల్లో దోచేశాడు. సెంటరంతా నవ్వింది. నేనూ నవ్వాను, ఛీ.

గురయ్య ఎవర్నీ తిట్టలేదు. నా దగ్గరికే వచ్చి, "నాను ఏటి తప్పు సేసాను బావ?" అని అడిగాడు.

"ఇంధనం చూసుకోవాలి కదా" అన్నాను, పెద్ద గురువులాగా.

గురయ్య తల అడ్డంగా ఊపాడు.

"వేటకెల్తే తిరిగొచ్చే డీజిల్ సూసుకోకుండా బోటు తియ్యను బావ. ఆటలో అక్కర్లేదని అతనన్నప్పుడు నీ మొకం సూసాను. నువ్వేటీ అన్లేదు. నిజమేననుకున్నాను."