రాజవ్వ బతికిన ముద్రణ

నిజామాబాద్,
12-8-1964

సారు గారికి నమస్కారాలు.

మీరు ముగింపు మార్చి నవలను రెండోసారి అచ్చు వేయించగానే, ఇంట్లో మిగిలిన మొదటి ముద్రణ ప్రతులను చిత్తు కాగితాల కింద అమ్మమని నా దుకాణానికి పంపారు. క్షమించాలి, పుస్తకాలుగానే అమ్మాను.

బీడీలు చుట్టే అంజవ్వ కొత్త పుస్తకం వాపస్ తెచ్చింది. బీడీలు చుట్టే ఆడవాళ్లు పని చేస్తుంటే వాళ్లలో ఒకామె పైకి చదువుతుందట; మొదటి ముద్రణ కూడా అలాగే విన్నారట.

"దీంట్ల సారు రాజవ్వను సంపిండు. మాకు బతికిన రాజవ్వ గావాలె" అన్నది.

పాతది ఇచ్చాను. ఆ తర్వాత బోధన్ నుంచి, భీమ్‌గల్ నుంచి కూడా బతికిన రాజవ్వ కోసమే వచ్చారు. మిగిలిన ఒక్క ప్రతి మీకు పంపుతున్నాను. మూడో ముద్రణకు ముందు ఒకసారి చదవండి.

ఇది నా మాట కాదు, అంజవ్వ చెప్పమన్నది: "ఇగ మల్ల రాస్తే మమ్ముల అడిగి రాయుమను."

మీ
పాత పుస్తకాల దుకాణదారు