బాదం క్రీము, మా శెనక్కాయ నూనె

శుక్రవారం రాత్రి, ధర్మపురి

అక్క కూతుర్ని ఎత్తుకునే మహద్భాగ్యం ఈరోజు కూడా బెంగళూరు నుంచి వచ్చిన అక్క ఆడబిడ్డకే దక్కింది. ఆవిడ తెచ్చిన బాదం క్రీము పూస్తుంటే పాప కిలకిలా నవ్వుతుంది. సొంత పిన్నినైన నాది పక్కన తువ్వాలు పట్టుకుని నిలబడే ఉద్యోగం.

సాయంత్రం పాప ఒంటి మీద దద్దుర్లు, పగుళ్లు చూసి డాక్టరమ్మ ఆ క్రీము మానెయ్యమన్నారు. పగిలిన చర్మం మీద తినే వస్తువులు పూస్తే, రేపు ఆ తిండే పిల్లకు పడకపోవచ్చట. నేను గంభీరంగా తల ఊపాను. లోపల మాత్రం మేళతాళాలు.

అమ్మ ఊరుకుందా? మేమైతే మా చేని శెనక్కాయ నూనే పూస్తామని ఈ ఊరి అరవంలో గొప్పగా చెప్పింది. డాక్టరమ్మ అదీ మానెయ్యమన్నారు.

“కడుపులోకి పోయేదే కదా మే, ఒంటికి పూసినాము!” అని అమ్మ దారంతా నన్ను నిలదీసింది. రోజూ స్నానానికి ముందు ఆ నూనె రాసింది నా చేతులే.

రెండింటికీ పరీక్ష చేస్తారట. దేవుడా, పాపకు శెనక్కాయ పడాలి. లేకపోతే ఇండూరులో మా శెనక్కాయ చేనికి ఆ పిల్లను ఎలా తీసుకుపోను? బాదం కూడా పడనీలే. ఆ సంగతి మాత్రం ఆడబిడ్డకు కాస్త ఆలస్యంగా తెలియనీ.