గోడ దాటిన పొగ

విడవలూరు మండల తహశీల్దారు గారి సముఖమునకు,

చిన్నతోపు కాలనీ నివాసి, సరుగుడు కొట్టే మేస్త్రీ సమాధానం గారి భార్య రెబెక్కమ్మ, వయసు నలభై ఎనిమిది, సమర్పించుకొను అర్జీ.

విషయం: ఒకే డోర్ నంబరు గల మా ఇంటిని రెండు ఇళ్ళుగా గుర్తించి నా వంటింటికి గ్యాసు ఇప్పించుట, మరియు ఇంటి లోపలి పొగ వలన కలిగిన ఊపిరి జబ్బు గురించి.

అయ్యా,

నేను ఐదో తరగతి వరకే చదివాను. ఈ అర్జీని నేను చెబుతుండగా మా తోడికోడలు మెర్లిన్ రాస్తున్నది. ఆమె డిగ్రీ చదివినది, ఆఫీసు భాష తెలిసినది. నేను చెప్పినది చెప్పినట్టు, తన గురించి చెప్పినది కూడా, ఒక్క మాట తీసివేయకుండా రాస్తానని ఆమె దగ్గర మాట తీసుకొని కూర్చోబెట్టాను. తమకు విన్నవించుకొను అంశములు ఇవి.

1. మా మామగారు పోయిన తరువాత, ఆరేళ్ళ క్రిందట, అన్నదమ్ములిద్దరూ ఇల్లు పంచుకున్నారు. ముందు సగం మా మరిది సుశీల్ కుమార్‌కు, వెనుక సగం నా భర్తకు వచ్చినవి. మధ్యలో ఏడడుగుల గోడ కట్టారు. గోడ పైన రేకుల కప్పు వరకు ఖాళీయే. ముందు భాగానికి వసారా, రెండు కిటికీలు ఉన్నవి. వెనుక భాగానికి ఒక్క తలుపు తప్ప గాలికి దారి లేదు. పుల్లలు పేర్చుకోవడానికి పెరడు కావాలని వెనుక భాగాన్ని నా భర్తే కోరి తీసుకున్నారు. ఆ పూట నన్నెవరూ అడగలేదు.

2. గ్యాసు కోసం రెండుసార్లు దరఖాస్తు పెట్టుకున్నాను. ఈ డోర్ నంబరు మీద మెర్లిన్ పేరున గ్యాసు ఉన్నది కాబట్టి రెండోది రాదన్నారు. నా భర్తతో చెబితే, "ఇంటి నిండా పుల్లలు పెట్టుకోని గ్యాసు ఎందుకు మే? ఊరోళ్ళు నవ్వుతారు" అన్నారు. ఆ విధముగా నేను ఇరవై ఆరేళ్ళుగా సరుగుడు పుల్లల పొయ్యి మీదనే, అదీ ఇంటి లోపలనే వండుతున్నాను. చుట్టూ రొయ్యల గుంటలు ఉన్నందున దోమలు ఎక్కువ. పొద్దుగూకక ముందే తలుపు వేసి కాయిల్ వెలిగించాలి. పొయ్యి పొగ పోకముందే కాయిల్ పొగ మొదలవుతుంది.

మూడేళ్ళుగా దగ్గు. తలుపు దగ్గర నుంచి బోరింగు వరకు నడిస్తే ఆయాసం. పోయిన ఏడాది మెర్లినే నన్ను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టరు గారు అందరి ముందర, "ఎన్నేళ్ళుగా బీడీ తాగుతున్నావమ్మా?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. "నేను తాగను సార్, మా ఇంట్లో ఎవరూ తాగరు" అన్నాను. ఆయన నా పొయ్యి గురించి, కిటికీల గురించి అడిగి రాసుకొని, "నువ్వు తాగకపోయినా నీ ఊపిరితిత్తులు తాగాయి. పొగలో కూర్చోవడం మానకపోతే నేనిచ్చే మందు పని చెయ్యదు" అన్నారు.

3. ఆ రోజే నర్సు రోజారమణి గారు ఒక గొట్టం ఇచ్చి బలంగా ఊదమన్నారు. దాని మీద అంకెలు, ఒక చిన్న ముల్లు ఉన్నవి. మూడుసార్లు ఊదాను. నూట నలభై దాటలేదు. పక్కన ఉన్న మెర్లిన్, "నేనూ ఊదనా సిస్టర్?" అని గొట్టానికి వేరే మూతి పెట్టించుకొని నవ్వుతూ ఊదింది. నాలుగు వందల ఇరవై. ఊదిన తరువాత కూడా నవ్వుతూనే ఉన్నది.

అయ్యా, ఆమె గ్యాసు మీద నాకు అసూయ ఉన్నది. ఆమె వంటింటి తెల్లటి పలకల మీద అసూయ ఉన్నది. ఆమె గిన్నెల అడుగున మసి ఉండదు. ఆమె చీర దగ్గరికి వస్తే సబ్బు వాసన. నా చీర, నా జుట్టు, చివరకు నా బైబిలు కూడా పొగ వాసనే. "మా స్టవ్ మీద వండుకో అక్కా, నాకేం అడ్డం?" అని ఆమె పదిసార్లు పిలిచింది. "నా పొయ్యి నాకుండాది మే" అని చెప్పి పోలేదు. పిలిచినందుకు కూడా ఆమె మీద కోపమే వచ్చింది. ఇవన్నీ ఓర్చుకున్నాను గాని ఆమె ఊపిరిని ఓర్చుకోలేకపోయాను.

(ఇక్కడ మెర్లిన్ రాయడం ఆపి, "ఇది కూడా రాయాల్నా అక్కా?" అని అడిగింది. "రాయి" అన్నాను.)

4. మా చర్చిలో ఇరవై రెండేళ్ళు పాట ఎత్తినది నేను. నేను మొదటి చరణం ఎత్తితే వెనుక అందరూ అందుకొనేవారు. చేలల్లోంచి ఇళ్ళకు పోయే ఆడవాళ్ళు రోడ్డు మీద ఆగి వినేవారు. నాకు ఈ లోకంలో ఆస్తి అంటూ ఉన్నది అదొక్కటే. ఈ ఏడాది ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల కాలం మొదటి ఆదివారం నాడు రెండో చరణం మధ్యలో ఊపిరి అందక ఆగిపోయాను. నేను ఆగిన చోట నుంచి మెర్లిన్ అందుకున్నది. ఎక్కడా తడబడలేదు.

ఆరాధన అయిన తరువాత పాస్టరు క్రీస్తురాజు గారు నన్ను పక్కకు పిలిచి, "మట్టల ఆదివారానికి మెర్లిన్ ఎత్తతాదిలే రెబెక్కమ్మా. నువ్వు కొంచెం కుదుటపడు" అన్నారు. తల ఊపాను. ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించుకొని ఏడ్చాను. ఎవరైనా చూస్తే పొగ వల్ల అనుకుంటారు.

5. ఈస్టరుకు ముందు వారం వచ్చే మట్టల ఆదివారానికి ముందు గురువారం, ఉదయం పది గంటల వేళ, నేను పొయ్యి మీద పులుసు పెట్టి ఉన్నాను. గోడ అవతల మెర్లిన్ పాట మొదలైంది. నేను ఆగిపోయిన పాటే. నేను ఆగిన చోటును ఆమె దాటింది. పాట అయిపోయి మళ్ళీ మొదలైంది. మళ్ళీ దాటింది.

పెరట్లో ముందు రోజు జల్లుకు తడిసిన సరుగుడు ఆకు కుప్పగా ఉన్నది. రెండు చేతులా తెచ్చి పొయ్యిలో కుక్కాను. తలుపు వేశాను. నా తలుపు వేస్తే పొగ పైకి లేచి గోడ మీదుగా అవతలికి పోతుందని ఆరేళ్ళుగా నాకు తెలుసు. ఆమె దగ్గాలి, ఆ పాట ఆగాలి, ఒక్కసారైనా ఆమెకు గాలి అందకుండా పోవాలి అని నేను కోరుకున్నాను. ఇది పొరపాటున జరిగినది కాదు.

(ఇక్కడ మెర్లిన్ చెయ్యి ఆగింది. నా ముఖం చూసి, "ఆ రోజు పాడింది నేను కాదు గదక్కా" అన్నది. "తెలుసు. రాయి" అన్నాను.)

మూతికి కొంగు కట్టుకొని కూర్చున్నాను. పాట ఆగలేదు. ఇంకొక గుప్పెడు పెట్టాను. అప్పుడు అవతల దగ్గు వినబడింది. నాకు సంతోషమైంది. ఆ మాట దాచను. కాని దగ్గుతో పాటు పాట కూడా వినబడుతూనే ఉన్నది. దగ్గే మనిషి పాడలేదు గదా. చెవి పెట్టి విన్నాను. అది చిన్న దగ్గు.

బయటికి పరుగెత్తాను. మెర్లిన్ తలుపుకు బయట గొళ్ళెం పెట్టి ఉన్నది. ఆమె వీధి చివర మంచినీళ్ళ ప్లాంటుకు పోయింది. పడుకున్న తన పాప లేవకుండా ఫోనులో తన పాట పెట్టి పోయింది. గొళ్ళెం తీస్తే లోపల మంచం కనబడనంత పొగ. రెండేళ్ళ పాప రెజీనా లేచి కూర్చొని నోరు తెరిచి గాలి కోసం లాగుతున్నది. చలికాలంలో పాపకు పిల్లికూతలు వస్తాయని నాకు ముందే తెలుసు. పెదవులు నల్లబడ్డాయి. నన్ను చూసి రెండు చేతులూ చాచింది.

ఎత్తుకొని పరుగెత్తాను. బోరింగు వరకు నడవలేని దాన్ని, రోడ్డు దాకా ఎట్లా పోయానో తెలియదు. ఆటో ప్రవీణ్ ఎదురొచ్చి, "ఏమైనాది రెబెక్కమ్మక్కా?" అని అడిగితే చెప్పడానికి నాలో గాలి లేదు. పాపను చూపించాను. ఆసుపత్రిలో ఆవిరి మందు పట్టే మిషను ఒక్కటే ఉన్నది. రోజారమణి గారు మా ఇద్దరినీ చూసి, "ముందు ఎవరికి పెట్టాలో తెలియడం లేదే" అన్నారు. నేను పాప వైపు వేలు చూపించాను. అరగంటకు ఆ పెదవులకు రంగు వచ్చింది. తరువాత అదే మిషను నాకు పెట్టారు.

మెర్లిన్ తడి చీరతో పరుగెత్తుకొచ్చి నా చేతులు పట్టుకున్నది. "నువ్వు లేకపోతే నా బిడ్డ ఏమైపోయుండును అక్కా" అన్నది. నా మూతికి గొట్టం ఉన్నది కాబట్టి జవాబు చెప్పలేదు. గొట్టం తీసిన తరువాత కూడా చెప్పలేదు. అడిగినవారికి పచ్చి పుల్లలు రాజుకోలేదని చెప్పాను.

ఆదివారం నాడు మెర్లిన్ పాట ఎత్తే ముందు నిలబడి సాక్ష్యం చెప్పింది. "మా అక్క తన ఊపిరి చూసుకోకుండా నా బిడ్డను కాపాడినాది" అన్నది. అందరూ స్తోత్రం అన్నారు. నేను తల వంచుకుంటే వినయం అనుకున్నారు. ఆ రోజు నుంచి నెలరోజులుగా ఆమె నా పొయ్యి వెలగనివ్వలేదు. తన స్టవ్ మీద మాకూ వండి తెచ్చి ఇస్తున్నది. తింటున్నాను. దగ్గు సగం తగ్గింది. డోర్ నంబరు కోసం అర్జీ పెడదామని కాగితాలు తెచ్చింది కూడా తనే. ఆ కాగితం మీద నా జబ్బు ఒక్కటే రాయించుకొని ఊరుకోవడానికి నాకు నోరు రాలేదు.

6. (ఈ అంశము మూడు దినముల తరువాత రాయబడినది.) పై మాట రాసి మెర్లిన్ కలం కింద పెట్టి లేచిపోయింది. ఆ పూట అన్నం రాలేదు. మరునాడు, తడ దగ్గర కంపెనీలో పనిచేసే మా మరిది సుశీల్ కుమార్ సెలవు పెట్టి వచ్చాడు. నా ముఖం చూడలేదు. నిచ్చెన వేసి గోడకూ కప్పుకూ మధ్య రేకులు బిగించాడు. నా భర్త కింద నిలబడి రేకులు అందించారు.

పని అయిన తరువాత ఆయన నా దగ్గరికి వచ్చి, "ఎందుకు చేసినావు మే ఆ పని?" అని అడిగారు.

"ఆ పిల్ల పాడతా ఉంటే ఓర్చుకోలేకపోయినా" అన్నాను.

ఆయన పుల్లల మోపుల వైపు చూశారు. "గ్యాసు వద్దన్నది నేను గదా" అని మాత్రం అన్నారు.

ఇప్పుడు నా పొగ అంతా నా ఇంట్లోనే ఉంటున్నది. దగ్గు మళ్ళీ ఎక్కువైంది. రేకుల మీద నాకు ఫిర్యాదు లేదు. వాటిని తీయించమని కోరడం లేదు.

ఈ ఉదయం మెర్లిన్ కాగితాలు తీసుకొని వచ్చి నా గడప బయట కూర్చున్నది. "చెప్పు, సగంలో ఆగిపోయినాది" అన్నది. అక్కా అనలేదు.

7. కావున తమరిని కోరునది: మా వెనుక భాగానికి వేరే డోర్ నంబరు ఇప్పించవలెను. పాత నంబరు పక్కన ఒక అక్షరం చేర్చినా చాలును. దాని మీద గ్యాసు వచ్చునట్లు చేయవలెను. మా వెనుక గోడ అవతల సర్కారు పోరంబోకు స్థలం ఉన్నది గనుక అటు ఒక కిటికీ తెరుచుకొనుటకు అనుమతించవలెను. మెర్లిన్ వంటింటి ఫ్యాను నా పెరట్లోకి వేడి గాలి కొడుతున్నదని పోయిన వేసవిలో నేను ఇచ్చిన అర్జీ అసూయతో ఇచ్చినది. దానిని కొట్టివేయవలెను. ఐదవ అంశములో చెప్పిన నేరమునకు నా మీద చర్య తీసుకొనదలచినచో, నేను ఇంటి దగ్గరే ఉంటాను. ఆ నేరమును మాత్రం గ్యాసుతో ముడిపెట్టవద్దని వేడుకొనుచున్నాను.

చెప్పవలసినది దాచక చెప్పితిని. చిత్తగించి, తమకు న్యాయమని తోచిన ఉత్తర్వు దయచేయవలెను.

తమ విధేయురాలు,
రెబెక్కమ్మ

దస్తూరి: మెర్లిన్

మరొక మనవి: అయ్యా, ఇది రాసిన మనిషిని నా అంతట నేను రాస్తున్నాను. ఈ మనవి ఆమెకు చదివి వినిపించలేదు. ఆమె చెప్పినదానిలో ఒక్క అక్షరం మార్చలేదు. ఈ కాగితాలు చింపేద్దామని రెండుసార్లు చేతిలోకి తీసుకున్నాను. ఆ పొగలో ఇంకొక ఏడాది ఉంటే ఆమె దక్కదని డాక్టరు గారు నాతో విడిగా చెప్పి ఉన్నారు గనుక చింపలేదు. క్షమించానని రాస్తే అబద్ధమవుతుంది.

సంతకం పెట్టించుకోవడానికి గడప దాటి లోపలికి పోయాను. నిలబడలేకపోయాను. కళ్ళు మండాయి. పొయ్యి పెరట్లో పెట్టుకోమన్నాను. ఇటుకలు ఇద్దరమే మోశాము. పాపకు ఇవేవీ తెలియవు. తలుపు తెరిస్తే పెద్దమ్మ దగ్గరికే పరుగెత్తుతుంది. మూడు రోజులు గట్టిగా పట్టుకొని ఆపాను. ఏడ్చి ఏడ్చి అన్నం మానేసింది. ఇవాళ వదిలిపెట్టాను. పోయి ఆమె మెడ చుట్టుకొని, ఆ మసి కొంగులోనే నిద్రపోయింది. అయినా లేపి తెచ్చుకోలేదు.

పెరట్లో పొయ్యి ఎన్నాళ్ళో నిలవదు సార్. అక్టోబరు వానలు మొదలైతే మా వైపు బయట పుల్ల వెలగదు, పొయ్యి మళ్ళీ లోపలికి పోతుంది. ఆలోపు ఆ నంబరు ఇప్పించండి.