ఫౌజుల మనోని కొత్త పని

సోమమ్మ బిడ్డా,

కలుపు తీసి రాంగనే కుంటుతున్న గొర్రెపిల్ల గిట్టకు వేపనూనె పుయ్యి. దాన్ని తడి జాగాల కట్టకు. నేను మందను తోలుకొని పోతున్న, పొద్దుగూకినంక వస్త.

నీ పెనిమిటి ఐలేశం కార్డు రాసిండు, గూట్ల పెట్టిన. ఫికర్ చెయ్యకు, వాన్ని లడాయికి పంపలేదు. ఫౌజుల కవాతు నేర్పుడు అయిపోయిందట, ఇప్పుడు పని నేర్పుతున్నరు. పాత అడ్రసుకు రాయొద్దు, కొత్తది కార్డు మీదనే ఉన్నది. పని నేర్చుకునేదాక నిన్ను తోలుకపోనియ్యరు. అది అయినంక సెలవు ఇస్తరట. మీ అత్త అంగట్ల నుంచి రాంగనే ఈ ముచ్చట చెప్పు, ఇయ్యాలన్న కడుపునిండ తింటది.

ఆ పని ఏందో తెలుసా? కంచర గాడిదలను సాకుడు! గొర్ల వెంబడి తిరుగనని నాతోని కొట్లాడి పోయినోనికి గదే దొరికింది. ఒక్కన్నే కూసోని నవ్విన.

గిట్టలు పగిలితే ఏం పెడ్తవు బాపూ అని అడిగిండు. నీకు పైన చెప్పిందే వానికీ రాయి. ఇయ్యాల్నే రాయి, పాపం ఆ జీవాలు కుంటుతుంటయి.

మామ

అడిగినందుకు నేను సంబురపడ్డనని మాత్రం రాయకు.