తలకట్టు అంటిన ప

మహబూబాబాద్‌లో ఉన్న అక్కకు,

చెల్లెలు సరోజన రాస్తున్నది. బావ మోకాలి నొప్పి ఎట్లా ఉంది? దవాఖానలో ఇచ్చిన మందులు మధ్యలో మానేయవద్దని చెప్పు. నువ్వు వేళకు తింటున్నావా? నేను బాగానే ఉన్నాను. ఇక్కడ జర్మనీలో నాలుగింటికే చీకటి పడుతోంది. తిండికి రొట్టె, ఉడికించిన ఆలుగడ్డ. మనిషితో తెలుగు మాట్లాడి మూడు వారాలైంది. అయినా బాగానే ఉన్నాను, నువ్వు పరేషాన్ కావద్దు.

ఫోన్ చేసిన ప్రతిసారీ అడుగుతావు, "నీ లెక్క తేలిందానే?" అని. ముప్పై ఏళ్లుగా "దగ్గరపడ్డది అక్కా" అంటూ వచ్చాను. ఈసారి నోటితో చెప్పలేక రాస్తున్నాను.

వచ్చే నెలతో నా ఉద్యోగం అయిపోతుంది. ఆఫీసు గది ఖాళీ చేయమన్నారు. పాత నోటుబుక్కులు సర్దుతున్నాను. నా పని ఏందో నీకు ఒకసారి చెప్పాను. రాయి కింద పడడానికి ఒక లెక్క ఉంది, అణువు లోపలి సంగతులకు ఇంకో లెక్క ఉంది, రెండింటినీ కలిపితే జవాబు అనంతమై కూర్చుంటుంది అని. "కలవకపోతే ఇడిసిపెట్టు, నిన్నెవలడిగిండ్రు?" అన్నావు. నేను విడిచిపెట్టలేదు. లెక్క మొత్తం తేలకపోయినా, ఆ అనంతాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయని చూపించాను. నాకున్న పేరంతా ఆ ఒక్క మెట్టు మీదే.

ఆ రోజుల్లో గ్రీకు అక్షరాలు చాలక మన అక్షరాలు వాడేదాన్ని. గర్వం కూడా ఉండేది. సోమవారం ఆ పేజీ కనపడింది. రెండో వరుసలో 'ప' రాశాను, తలకట్టు అంటుకుంది. కింది వరుసలో దాన్నే 'వ' అని చదువుకుని, ఇంకో 'వ'తో కొట్టేశాను. 'ప'ను 'ప'గానే ఉంచితే ఏదీ పోదు. అనంతం అక్కడే ఉంది. మూడుసార్లు చేసి చూశాను.

మా పెద్దసారుకు చూపించాను. "ఇది చదవగలిగేది మీరొక్కరే కదా, వీడ్కోలు సభ అయిపోనివ్వండి" అన్నాడు. ఒళ్లు మండింది. అచ్చులో జవాబు మాత్రమే వేశాను, మధ్య మెట్లు ఏవని ముప్పై ఏళ్లలో ఎవరూ అడగలేదు. పొగిడినవాళ్లలో ఒక్కరూ నిజంగా చదవలేదన్నమాట. నిన్న తప్పు ఒప్పుకుంటూ, ఆ లెక్క అచ్చువేసిన పత్రికకు రాసి పంపాను. ఇక సభ ఉంటే ఎంత, లేకపోతే ఎంత.

మన ఊరు మొగుళ్లపల్లిలో పలక మీద నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే. నిన్ను బడి మాన్పించి మిరప చేనుకు పంపారు, నన్ను బడికి పంపారు. "తలకట్టు అంటనీయకే, ప పోయి వ అయితది" అని వేళ్ల మీద కొట్టేదానివి. నేను ఏడ్చేదాన్ని కానీ మార్చుకోలేదు.

ఆ పేజీ నకలు ఇందులో పెట్టాను. అద్దాలు పెట్టుకుని రెండో వరుస చూడు. ఇక్కడ అందరూ ఓదారుస్తున్నారు, ఆ తప్పు కంటితో చదవగలిగినవాళ్లు లేరు. బావకు నా నమస్కారాలు చెప్పు. నాకు దీవెనలు రాయకు అక్కా, ఒకసారి తిట్టు.

నీ చెల్లెలు
సరోజన