ఎడమవైపు తడిక

కోదాడ,
17 ఫిబ్రవరి 2025

చిరంజీవి దీపకు, నీ పనితనానికి ఇంకా ఆశ్చర్యపోతున్న సారమ్మ టీచర్ మనసారా దీవించి రాసేది.

ఇక్కడ మేమంతా క్షేమం. మిర్యాలగూడలో మీ ఇంటిల్లిపాదీ కుశలమని తలుస్తాను. ఫోన్ చేయకుండా ఈ ఉత్తరమేమిటని నవ్వుకుంటావేమో. ఫోన్లో పొగిడితే "అయ్యో, ఊకోండి టీచరమ్మా" అని అడ్డం పడతావు. ఉత్తరానికి అడ్డం పడలేవు కదా!

నాటకాలకు సెట్లు వేసే నువ్వు మా ఇంటికొచ్చి, మీ మిల్లు గోదాంలో నాట్ల పాటలు పాడమని అడిగినప్పుడు, నీ ముఖం చూసే ఒప్పుకున్నాను. ఏడాదిగా నా పాట నాకే నచ్చడం లేదు. శ్రుతి ఎక్కడ జారుతుందోనని పాడినంతసేపూ భయమే. అందుకే ఇదే నా చివరి కచేరీ అని నీకు ముందే చెప్పాను. నువ్వు వాదించలేదు. మాట మధ్యలో లేచి, నీ కుర్చీని నాకు అటుపక్క నుంచి ఇటుపక్కకు వేసుకున్నావు. ఫ్యాను గాలి కోసమేమో అనుకున్నాను.

గోదాం చూడగానే వెనక్కి వెళ్లిపోదామనిపించింది. రేకుల కప్పు, సిమెంటు గోడలు. మా మరిది జోసెఫ్ హార్మోనియం కింద పెట్టి, ఒకసారి చప్పట్లు కొట్టి చూసి, "గీడ పాడితే బాయిల బిందె పడ్డట్టే ఉంటది" అన్నాడు. అలాంటి చోటును నువ్వు వడ్ల కళ్లం చేశావు. జనం కూర్చోవడానికి గడ్డి పరుపులు, చుట్టూ ఊక నింపిన గోనె బస్తాల గుట్టలు, పైన ఒక్కోటి ఒక్కో వాలుగా వేలాడే చాటలు. అంతా అలంకారమే అనుకున్నాను. పాట రేకులకు తగిలి మోగకుండా చాటలు చెదరగొడతాయనీ, ఊక బస్తాలు ప్రతిధ్వనిని మింగేస్తాయనీ నువ్వు చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను.

మీ నాన్న ఓంప్రకాష్ గారి సంగతి తలచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. నువ్వు గడ్డి కోసం హుజూర్‌నగర్ వెళ్లిన సందు చూసి, "ఇంటికొచ్చినోళ్లకు ఊక సూపిస్తమా, ఇజ్జత్ పోదా?" అంటూ ఆ బస్తాలన్నీ తీయించి, తళతళలాడే సన్నబియ్యం సంచులు పేర్పించారు. నేను గొంతు విప్పితే గోదామంతా మారుమోగి గోల! నువ్వు తిరిగొచ్చావు. ఆయన్ను నడుమ నిలబెట్టి, నాచేత ఒక చరణం పాడించావు. ఒక పక్క ఊక బస్తాలు పేర్పించి, మళ్లీ అదే చరణం పాడించావు. ఆయన ఊక బస్తాను ఒకసారి తట్టి చూశారు. తర్వాత, "ఊకకు గింత ఇలువ ఉన్నదా బిడ్డా" అంటూ మిగిలిన బస్తాల్లో ఒకటి తనే భుజానికెత్తుకున్నారు. ఆ తండ్రి ముఖంలో గర్వం నువ్వు చూశావో లేదో, నేను మాత్రం కళ్లారా చూశాను.

ఇక ఆ తడిక. నా ఎడమ పక్కన, చేయి చాపితే అందేంత దగ్గరలో, మట్టి అలికిన తడికను వంపుగా నిలబెట్టావు. కుడివైపు ఏమీ లేదు. "రెండో గోడ మరిసినవా ఏంది?" అని జోసెఫ్ ఆటపట్టిస్తే నేనూ వంత పాడాను. నువ్వేమో "సీన్‌కు గట్లనే మంచిగుంటది" అని ఊరుకున్నావు.

ఆ సాయంత్రం నా గొంతు నాకు వినిపించింది దీపా. చిన్న విరుపు కూడా తప్పిపోలేదు. ఎంత ధైర్యం వచ్చిందంటే, కళ్లు మూసుకుని పాడాను. చిట్టచివర కూర్చున్న నడిగూడెం ముసలమ్మ తర్వాత నా చేయి పట్టుకుని, "ఒక్క మాట గూడ పోలే బిడ్డా, మా అమ్మ పక్కన నాటేసినట్టే ఉండె" అని ఏడ్చింది. ఆ కన్నీళ్లలో సగం నీ పనితనానివే.

సూర్యాపేట వాళ్లు ఉగాదికి మార్కెట్ షెడ్డులో పాడమంటున్నారు, వేదిక నీచేతే కట్టిస్తారట. పాడటం మానేశానని చెప్పాలి. చెప్పడానికి నోరు రావడం లేదు.

నీ చేతులను ప్రభువు చల్లగా చూడాలని ప్రార్థిస్తూ,

సారమ్మ టీచర్

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఏడాదిగా నా కుడి చెవి వినబడదు. డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు, జోసెఫ్‌కు కూడా. హార్మోనియం మీద అతని వేళ్లు చూస్తూ శ్రుతి పట్టుకునేదాన్ని. ఆ రోజు మా ఇంట్లో నువ్వు కుర్చీ వేసుకున్నది నా ఎడమవైపుకని, ఆ తడిక నా పాటను వినబడే చెవికే తిప్పి పంపిందని ఇప్పుడు తట్టింది. కనిపెట్టావు, ఒక్క మాట అడగలేదు, నలుగురిలో నన్ను చిన్నబుచ్చలేదు. సూర్యాపేట వాళ్లకు వస్తానని చెబుతున్నాను. అక్కడ కూడా తడిక ఎడమవైపే కట్టు తల్లీ.